మా రోజుల్లో ట్యూబ్‌లైటు అబద్ధమాడేది కాదు

ఇప్పుడు వెలుగును కూడా మీటర్ల లెక్కన అమ్ముతున్నారు. అయిదు మీటర్ల ఎల్ఈడీ దీపాల చుట్ట, వెనక జిగురు, చివర ఒక చిన్న అడాప్టరు. డబ్బా మీద నిగనిగలాడే ఆకు బొమ్మ, దాని పక్కన ‘గ్రో లైట్’ అన్న మాట. అది ఎంత వెలుగిస్తుందో, మొక్కకు ఎంత ఎత్తులో కట్టాలో, ఏ మొక్కకు సరిపోతుందో మాత్రం డబ్బా అంతా వెతికినా దొరకదు. మా ఊరు లింగంపేటలోనే పొద్దుగూకితే కొన్ని కిటికీలు ఊదా రంగులో వెలుగుతుంటాయి. లోపలికి పోయి చూస్తే, కాడలు దారాల్లా సాగి, పాలిపోయి, ఒక పక్కకు వాలిన కొత్తిమీర.

ఈ సంగతిలో నేను ఊరుకోలేను. నా ఉద్యోగ జీవితమంతా హైదరాబాదు శివారులో అరటి మొక్కలు తయారుచేసే ఒక టిష్యూ కల్చర్ ల్యాబులో గడిచింది. ఎండ సోకని గదిలో, దీపాల కిందే మొక్కలు పెంచడం నా పని. ఆ దీపాలన్నీ ట్యూబ్‌లైట్లే.

మా రోజుల్లో గ్రోత్ రూము అంటే వరసగా ఇనుప రాకులు. ఒక్కో అరకు నాలుగడుగుల 40 వాట్ల ట్యూబులు రెండు. రోజుకు 16 గంటలు వెలుగు, 8 గంటలు చీకటి. గది ఉష్ణోగ్రత 25 డిగ్రీలకు అటు రెండు, ఇటు రెండు దాటకూడదు. చోకులు వేడెక్కుతాయి కాబట్టి వాటిని అరలకు బిగించేవాళ్ళం కాదు. గది బయట గోడకు వరసగా బిగించి, అక్కడి నుంచి వైర్లు లోపలికి లాగేవాళ్ళం. ఆ వరండాలో నడిస్తే చోకుల మోత గుయ్‌మని వినపడుతూనే ఉండేది. మా ఎలక్ట్రీషియన్ ఆ మోత తేడా విని, ఏ చోకు పోబోతున్నదో ముందే చెప్పేవాడు.

ట్యూబులన్నీ ఒకేసారి పాతబడితే గదంతా ఒకేసారి మసకబారుతుంది. అందుకే ప్రతి అరలో ఒక కొత్తదాని పక్కన ఒక పాతది వేసేవాళ్ళం. కొసలు నల్లబడ్డాయంటే దాని పని అయిపోవచ్చిందని అర్థం. ట్యూబు కింద నడుమ వెలుగు ఎక్కువ, కొసల్లో తక్కువ. కాబట్టి అరటి పిలకలున్న సీసాల్లో నడుమవాటిని కొసలకు, కొసలవాటిని నడుమకు మార్చడం మా నిత్యకృత్యం. వెలుగు కొలిచే లక్స్ మీటరును అరలో సీసా మూత ఎత్తున పెట్టి, అంకె చూసి రిజిస్టరులో రాసేవాళ్ళం. రెండు నుంచి మూడు వేల లక్సు ఉంటే సరి.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. ఆ రెండు మూడు వేల లక్సు మా అరటి పిలకలకు చాలడానికి కారణం సీసాలో ఉంది. 1962లో మురషిగె, స్కూగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పొగాకు కణజాలం కోసం రూపొందించిన పోషక ద్రవంలో లీటరుకు 30 గ్రాముల చక్కెర పడుతుంది. సీసాలోని పిలకకు తిండి ప్రధానంగా ఆ చక్కెర నుంచే వస్తుంది. వెలుగు దాని ఆకారానికి, ఆకుపచ్చదనానికి. మట్టిలో నాటిన కొత్తిమీరకు, మెంతికూరకు, మిరప నారుకు ఆ చక్కెర ఎవరు పోస్తారు? వాటి తిండి మొత్తం వెలుగులోంచే రావాలి. వాటికి కనీసం పది, పదిహేను వేల లక్సు కావాలి. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సు. ‘ల్యాబుల్లో మూడు వేల లక్సుతోనే పెంచుతారట’ అని ఎవరో చెప్పిన మాట పట్టుకొని వంటింట్లో ఒక్క దీపం కట్టి, ఆకుకూర రాలేదని మట్టిని తిట్టేవాళ్ళను చూస్తే కడుపు మండుతుంది.

మొన్న మా మనుమడు ఒక చుట్ట తెచ్చి అర్రలో కట్టాడు.

“తాతా, గిది డెబ్బై రెండు వాట్లంట. నీ ట్యూబ్‌లైటుకు డబల్,” అన్నాడు.

“అడాప్టరు ఇటియ్యి బిడ్డా,” అన్నాను.

అడాప్టరు వెనక చిన్న అక్షరాల్లో 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంది. పన్నెండును రెండుతో గుణిస్తే ఇరవై నాలుగు. ఆ అడాప్టరు 24 వాట్లకు మించి ఇవ్వలేదు. డెబ్బై రెండు వాట్ల వెలుగు రావాలంటే 6 ఆంపియర్లది కావాలి. డబ్బా మీద ఒక మాట, డబ్బా లోపల మరో మాట. పైగా ఆ ఇరవై నాలుగు వాట్లు అయిదు మీటర్ల పొడవునా పంచుకోవాలి. రాగి పొర పలుచన కాబట్టి పోనుపోను వోల్టేజీ పడిపోతుంది. అడాప్టరు దగ్గర దీపం నిండుగా, ఆ చివర నీరసంగా వెలుగుతుంది. మా మనుమడి చేత రెండు కొసలూ పక్కపక్కన పట్టించి చూపించాను. వాడి ముఖం చిన్నబోయింది. మోసపోయింది పిల్లవాడు, మోసం చేసింది డబ్బా మీది రాత.

మా ట్యూబు మీద 40 వాట్లని రాసుంటే అది 40 వాట్లే. చోకు ఇంకో పది పన్నెండు వాట్లు తినేదన్నది నిజం. ఆ సంగతి ట్యూబులు బిగించే ప్రతి మనిషికీ తెలుసు, కొనేవాడికి చెప్పేవాడు కూడా. ఆ ట్యూబు నుంచి సుమారు రెండున్నర వేల ల్యూమెన్ల వెలుగు వచ్చేది. ఈ చవక చుట్ట మొత్తం కలిపినా ఒక్క ట్యూబు వెలుగును దాటదు.

ఇక ఆ ఊదా రంగు. ఆకులోని పత్రహరితం ఎరుపును, నీలాన్ని ఎక్కువగా పీల్చుకుంటుందన్నది బడి పుస్తకంలోనే ఉంది. ఆ ఒక్క ముక్క పట్టుకొని ఎరుపు, నీలం దీపాలు మాత్రమే వేసి అమ్ముతున్నారు. ఆకుపచ్చ వెలుగును ఆకు పూర్తిగా వదిలేయదు. చాలా భాగం వాడుకుంటుంది. పై ఆకులు దాటి కింది ఆకుల దాకా చేరేది కూడా ఆ వెలుగే. దానికంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. ఊదా వెలుగులో ఆకు నల్లగా కనిపిస్తుంది. అంచు పసుపుబారినా, ఈనెల మధ్య పాలిపోయినా, పేనుబంక పట్టినా కంటికి ఆనదు. మా తెల్ల ట్యూబు కింద రాకు ముందు నిలబడితే ఏ సీసాలో పిలక తేడాగా ఉందో, ఏ సీసాలో బూజు మొదలైందో దూరం నుంచే కనిపెట్టేవాళ్ళం. మొక్కను పెంచేవాడికి మొదటి పనిముట్టు కళ్ళు. వాటికి గంతలు కట్టే దీపం ఎందుకు?

మొక్క రంగుల్ని ఎంత సూక్ష్మంగా చదువుతుందో పెద్దలు ఎప్పుడో చూపించారు. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో బోర్త్‌విక్, హెండ్రిక్స్ బృందం లెట్యూస్ విత్తనాలకు ఎర్రని వెలుగు చూపిస్తే మొలకెత్తాయి. ఆ వెంటనే, మన కంటికి దాదాపు ఆనని దూర ఎరుపు చూపిస్తే ఆగిపోయాయి. ఫ్లోరోసెంట్ ట్యూబులో ఆ దూర ఎరుపు తక్కువ. అందుకే పాత పరిశోధనశాలల్లో ట్యూబుల మధ్య మామూలు బల్బులు కూడా పెట్టేవారు. దీపంలో ఏ లోటుందో తెలుసుకొని, దాన్ని పూడ్చేవాళ్ళు. ఇప్పుడు లోటు గురించి అడిగితే ‘ఫుల్ స్పెక్ట్రమ్’ అని ఒక్క మాట అనేసి ఊరుకుంటారు.

ఎల్ఈడీ మీద నాకు పగ లేదు. 1990ల మొదట్లో జపాన్‌లో ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీ వచ్చింది. అందుకు అకసాకి, అమానో, నకమురా ముగ్గురికీ 2014లో నోబెల్ ఇచ్చారు. ఇవ్వాల్సిందే. ట్యూబులో పాదరసం ఆవిరి పుట్టించే అతినీలలోహిత కిరణాలను గాజు లోపలి పూత తెల్ల వెలుగుగా మారుస్తుంది. తెల్ల ఎల్ఈడీలో నీలి వెలుగును అటువంటి పూతే మారుస్తుంది. రెండింటి కిటుకూ ఒకటే. చోకుతో కలిపి యాభై వాట్లు తినే ట్యూబు ఇచ్చే వెలుగును మంచి ఎల్ఈడీ అందులో సగానికే ఇస్తుంది. మా లింగంపేటలో సాయంత్రమైతే వోల్టేజీ పడిపోయి, ట్యూబు కొసలు మాత్రం ఎర్రబడి, స్టార్టరును ఎన్నిసార్లు తిప్పినా వెలగని రోజులు నాకు బాగా గుర్తు. ఎల్ఈడీ అంత తక్కువ వోల్టేజీలోనూ వెలుగుతుంది. పగిలిన ట్యూబు ముక్కలు చెత్తకుప్పలో పడి పాదరసం మట్టిలో కలవడం కూడా చూశాను. అది మంచి పని కాదు. 2023 నవంబరులో జెనీవాలో పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందం దేశాలు కూర్చొని, 2027 నాటికి ఫ్లోరోసెంట్ దీపాల తయారీ, ఎగుమతి, దిగుమతులకు స్వస్తి చెప్పాలని తీర్మానించాయి. పాదరసం మనుషుల్ని ఏం చేస్తుందో జపాన్‌లోని మినమాటా ఊరివాళ్ళు అనుభవించారు. కాబట్టి ట్యూబు వెళ్ళిపోవడం న్యాయమే.

నా బాధల్లా ట్యూబుతోపాటు పద్ధతి కూడా వెళ్ళిపోవడం. కొలవడం, రాసుకోవడం, సీసాలు అటూ ఇటూ మార్చడం, మొక్క ఏం చెబుతోందో చూడడం, ఇవేవీ కొత్త దీపంతో రాలేదు. వెలుగు మీద అదుపున్నవాళ్ళు ఏం సాధిస్తారో పటాన్‌చెరులోనే చూడొచ్చు. 1972లో మొదలైన ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వెలుగు గంటలు పొడిగించి, పచ్చి గింజలనే మళ్ళీ విత్తి, శనగలో ఏడాదికి ఏడు తరాల దాకా తీయవచ్చని 2020లో ప్రచురించి చూపించారు. శనగకు పగలు పొడవైతే త్వరగా పూతకొస్తుంది. ఆ ఒక్క గుణాన్ని గంటలతో సహా లెక్కగట్టి వాడుకున్నారు. డబ్బా మీది బొమ్మను నమ్మితే ఆ పని అయ్యేదా?

అసలు ఇంట్లో దీపం కింద ఆకుకూర పెంచే గతి మన ఊళ్ళకు ఎందుకొచ్చిందన్నది ఇంకో బాధ. మా రోజుల్లో గూనపెంకల ఇంటికి ముందు వాకిలి, వెనక పెరడు ఉండేవి. బియ్యం కడిగిన నీళ్ళు పెరట్లో పోస్తే పుదీనా దానంతటదే పాకేది. ఇప్పుడు గోడకు గోడ ఆనించి స్లాబులు వేసి, పెరడు మింగేసి, ఎండను బయటికి నెట్టి, అదే ఎండను తీగలో కొనుక్కుంటున్నాం. డాబా మీద జాగా ఉన్నవాళ్ళు ముందు అక్కడికే పోవాలి. ఎండకు బిల్లు రాదు.

జాగా లేనివాళ్ళకు నా మాట ఇది. ఊదా చుట్టల జోలికి పోవద్దు. తెల్ల వెలుగు, 6500 కెల్విన్ అని రాసి ఉన్న 20 వాట్ల ఎల్ఈడీ పట్టీలు కొనండి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు అరకు నాలుగు పట్టీలు కావాలి. ఆకు కొసలకు జానెడు ఎత్తులో గొలుసుతో వేలాడదీయండి, మొక్క పెరిగేకొద్దీ గొలుసు పైకెత్తండి. రోజుకు 14 నుంచి 16 గంటలు వెలగాలి, రాత్రి తప్పకుండా ఆర్పాలి. చుట్ట ఇప్పటికే కొని ఉంటే పారేయకండి. దాన్ని అల్యూమినియం రేకు మీద దగ్గర దగ్గర వరసలుగా అంటించండి. వేడి రేకులోకి పోతుంది, ఎండాకాలం జిగురు ఊడదు. దాని కింద మనీప్లాంటు లాంటి నీడ మొక్కలు పెట్టండి, అవి సంతోషంగా బతుకుతాయి. మొలక కాడ సన్నగా సాగుతుంటే నీళ్ళు, ఎరువు జోలికి పోకుండా దీపాన్ని కిందికి దించండి.

అమ్మేవాళ్ళకూ ఒక మాట. మొక్కల దీపమని పేరు పెట్టినప్పుడు, జానెడు దూరంలో, మూరెడు దూరంలో అది ఎంత వెలుగిస్తుందో డబ్బా మీద అచ్చు వేయండి. లక్స్ అంకె మనిషి కంటికి తగ్గట్టు కట్టింది, మొక్కకు సరైన లెక్క మైక్రోమోల్స్‌లో ఉంటుంది. ఆ అంకె వేస్తే ఇంకా మంచిది. కొనేవాళ్ళు మాత్రం ఆ అంకె లేని డబ్బాను ఎంత చవకైనా తీసుకోకండి, దుకాణం మెట్ల మీదే అడాప్టరు తిప్పి చూసి గుణించండి.