విరిగినదానికన్నా చవకది కొనండి

గాలం కర్ర విరిగిన వారంలో దుకాణం గడప తొక్కకండి. చేతిలో డబ్బుంటుంది, పక్కవాళ్ళ బెండ్లు మునుగుతుంటాయి, కాళ్ళు అటే లాగుతుంటాయి. అయినా వెళ్ళకండి. ఆ దిగులులో కొన్న కర్ర విరిగినదానికన్నా పొడవుగా, తేలిగ్గా, ఖరీదుగా ఉంటుంది. నేను చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. పొట్టిది కొనండి, బరువైనది కొనండి, చవకది కొనండి. చాలామంది గాలగాళ్ళు ఇది తలకిందుల సలహా అంటారు. గట్టు మీద కూర్చుని పిండిముద్దో వానపామో గుచ్చి బెండు చూసుకునే మనిషికి, మూడు నాలుగు వేల రూపాయల్లో పని జరగాల్సిన మనిషికి, ఇదే సరైన దారని నా గట్టి నమ్మకం.

కొనకుండా ఉన్న ఆ రోజుల్లో చేతి గాలం వేయండి. చెక్కముక్కకో ఖాళీ సీసాకో నైలాన్ దారం చుట్టి, చివర సీసం, కొక్కెం కట్టుకుంటే చాలు. వేళ్ళకు గుడ్డ చుట్టుకోవడం మరవొద్దు, పెద్ద చేప పరిగెడితే దారం చర్మాన్ని కోస్తుంది. కర్ర చేసే పనులు మూడే. దారాన్ని దూరం విసరడం ఒకటి. ఒడ్డున పెరిగిన గుర్రపు డెక్క మీదుగా దారాన్ని ఎత్తి పట్టడం రెండోది. చేప గుంజినప్పుడు ఆ ఊపును తాను వంగి తీసుకోవడం మూడోది. చేతి గాలం వేస్తే ఈ మూడింట్లో మీకు నిజంగా లోటు పడుతున్నది ఏదో వేళ్ళకే తెలుస్తుంది. మన చెరువుల్లో చాలామందికి లోటు పడేది మూడోదే. దూరం అవసరం మనం అనుకున్నంత ఉండదు, గట్టు కింద లోతు ఉన్నచోట చేప మన కాళ్ళ దగ్గరే తిరుగుతుంటుంది. మూడో పనికి మాత్రం కర్ర ఒక మంచి స్ప్రింగు కావాలి. ఆ స్ప్రింగు కోసమే డబ్బు పెట్టాలి.

ఇక విరిగిన కర్రను బయటికి తీసి బల్ల మీద పెట్టండి. ఎక్కడ విరిగిందో చూడకుండా కొత్తది కొనేవాడు అదే విరుపును మళ్ళీ కొనుక్కుంటాడు.

కొసన రెండు మూడు అంగుళాలు పోయిందంటే, చేప పాపం అందులో చాలా తక్కువ. ఇంట్లో సీలింగ్ ఫ్యాను, కారు తలుపు, బస్సులో పక్కవాడి సామాను, లేదా కొసరింగులోకి ముడి వచ్చేదాకా రీలు తిప్పడం, వీటిలో ఏదో ఒకటి. అసలు అలాంటి కర్రకు బదులు వేరేది కొననవసరమే లేదు. పాత కొసరింగును లైటరుతో కాస్త వేడి చేస్తే లోపలి జిగురు మెత్తబడి ఊడి వస్తుంది. మంట లోహానికే తగలాలి, కర్రకు తగలకూడదు. కొత్త కొస లావుకు సరిపోయే రింగు తెచ్చి, కరిగించిన గ్లూ స్టిక్కుతో అతికించేయండి. కర్ర కాస్త పొట్టిగా, కాస్త బిగువుగా మారుతుంది. ఆ బిగువుకు ఒక ఉపయోగముంది, కింద చెబుతాను.

మధ్యలో ఫెళ్ళున విరిగితే కారణం సాధారణంగా రెండింట్లో ఒకటి. చేపను ఒడ్డుకు తెచ్చాక కర్రను నిలువుగా తల మీదికి ఎత్తడం మొదటిది. అలా ఎత్తితే భారమంతా సన్నని పైభాగం మీదే పడుతుంది, కింది లావు భాగం ఏ సాయమూ చేయలేదు. రెండోది ఎప్పుడో తగిలిన దెబ్బ. బండి మీద వెళ్తుంటే సీసం ఊగి ఊగి కర్రను కొట్టి ఉంటుంది. కార్బన్ కర్రకు అలాంటి గాటు పడితే ఆ రోజు ఏమీ కనబడదు, తర్వాతెప్పుడో చిన్న చేపకే అక్కడ విరుగుతుంది. జోడింపు దగ్గర చీలిందంటే అతుకు వదులై ఆడుతూ ఉండి ఉంటుంది. లోపలికి దూరే భాగానికి కొవ్వొత్తి మైనం రుద్దుకునే అలవాటుంటే అది చాలా ఏళ్ళు వచ్చేది. పిడికి దగ్గర విరగడం అరుదు. అది మాత్రం కర్ర స్తోమతకు మించిన పని పెట్టారనడానికి గుర్తు, లేదా తయారీలోనే లోపం.

ఈ కారణాల్లో చాలావాటికి మందు ఒకటే, దెబ్బకు ఓర్చే కర్ర. అందుకే ఫైబర్‌గ్లాస్ కొనమంటున్నాను. అదీ వీలైతే లోపల గుల్ల లేని, కొస నుంచి మొదలుదాకా నిండుగా ఉన్న రకం. దుకాణంలో ఇది కింది అరలోనో మూలనో దుమ్ము కొట్టుకుని ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళదనీ, పిల్లలదనీ చెబుతారు. పట్టించుకోకండి.

గాలం కర్రల చరిత్రలో మన వంతు కూడా ఉంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోనూ అమెరికాలోనూ వెదురును బద్దలుగా చీల్చి అతికించి మేలైన రాడ్లు చేసినప్పుడు, అందుకు మొదట వాడింది మన దేశం నుంచి వెళ్ళిన వెదురునే. దాన్ని వాళ్ళు కలకత్తా కేన్ అనేవాళ్ళు. లాఠీలు చేసే గట్టి వెదురు అది. తర్వాత చైనా నుంచి వచ్చిన టోంకిన్ వెదురు దాని చోటు ఆక్రమించింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక 1940ల చివర్లో ఫైబర్‌గ్లాస్ వచ్చింది, 1970ల్లో కార్బన్ వచ్చింది. వచ్చిన ప్రతి కొత్త సరుకూ పాతదానికన్నా తేలికైంది. తేలికైనంత మాత్రాన గట్టిపడలేదు. కార్బన్ పోగు ఎంత బిగువైనదైతే అంత తక్కువ సరుకుతో కర్ర నిలబడుతుంది, గోడ పల్చనవుతుంది, బరువు తగ్గుతుంది. ఆ పల్చని గోడే గాటుకు లొంగిపోతుంది. ఫైబర్‌గ్లాస్ అలా కాదు. విరిగేలోపు ఇంకా ఇంకా వంగుతుంది. మనం కోరుకున్న స్ప్రింగు అదే.

కర్ర మీద ఐఎం6, ఐఎం7 అని బంగారు రంగు అక్షరాలు కనిపిస్తే నాణ్యతకు ప్రభుత్వం వేసిన ముద్రలా భావించకండి. అవి ఒక అమెరికన్ కంపెనీ తన కార్బన్ పోగులకు పెట్టుకున్న పేర్లు, రాడ్లకు ఎవరూ ఇచ్చిన శ్రేణి కాదు. మన ధరలో కార్బన్ అని అమ్మే కర్రల్లో కొన్నింట గాజు పోగు కూడా కలిసి ఉంటుంది. అది మంచికే, మెప్పుగా చెప్పుకోవలసిన సంగతే. దాచి అమ్మడమే నాకు నచ్చదు.

బరువు మాటకొస్తాను, అందరూ అభ్యంతరం చెప్పేది ఇక్కడే. రోజంతా నిలబడి, విసిరి, చుట్టి, మళ్ళీ విసిరేవాడికి చేతిలో ప్రతి గ్రామూ లెక్కే. కృత్రిమ ఎరలతో వేటాడేవాళ్ళు వాళ్ళు, తేలికదనం కోసం వాళ్ళు డబ్బు పెట్టడం న్యాయం. మనం చేసేదేమిటి? ఒకసారి విసిరి, నేలలో పాతిన పంగల కర్ర మీద ఆనించి కూర్చుంటాం. శీలావతికో బొచ్చెకో బంగారు తీగకో గంట, రెండు గంటలు ఎదురుచూస్తాం. ఆ సేపంతా కర్ర బరువు మోసేది పంగల కర్ర. వేల రూపాయలు పోసి పంగల కర్రకు సుఖం కొనడం ఎందుకు? చేప పడ్డ పది నిమిషాలు బరువు చేతిలో ఉంటే ఎవరికీ ఏమీ కాదు.

పొడవు గురించి కూడా ఇంతే మొండిగా చెబుతాను. ఆరు అడుగులు, మహా అయితే ఏడు. పొడవాటి కర్ర చేప చేతిలో మీటలా పనిచేస్తుంది. కొసన ఒకే భారం వేలాడితే, ఆరు అడుగుల కర్ర మీ మణికట్టు మీద వేసే బరువుకు తొమ్మిది అడుగులది ఒకటిన్నర రెట్లు వేస్తుంది. ఒడ్డున తుంగ బాగా పెరిగి, దాని మీదుగా వేయక తప్పని చోట పొడవు కావాలి. సముద్రపు ఒడ్డున అలలు దాటించి విసరాలన్నా కావాలి. అలాంటిచోట కూర్చోనివాళ్ళు పొడవు కొంటే, చెట్టు కొమ్మలకు చిక్కుకునే కర్ర కొన్నట్టు.

పొట్టిదే కొనమనడానికి ఇంకో కారణముంది, దీన్ని గట్టిగా వినండి. కార్బన్ కరెంటును పారిస్తుంది. డెల్టా కాలువ గట్ల వెంబడి, చేపల చెరువుల చుట్టూ మోటార్లకూ ఏరేటర్లకూ కరెంటు తీగలు పోతుంటాయి, కొన్నిచోట్ల కిందికి వేలాడుతూ కూడా. పొడవాటి కార్బన్ కర్ర భుజాన నిలువుగా పెట్టుకుని ఆ తీగల కింద నడవడం ప్రాణంతో చెలగాటం. చాలా దేశాల్లో గాలగాళ్ళు ఇలాగే చనిపోయారు. తీగను తాకనక్కరలేదు, హైటెన్షన్ అయితే దగ్గరికి వెళ్ళినా చాలు. ఫైబర్‌గ్లాస్ పొడిగా ఉన్నప్పుడు కొంత నయమే గానీ తడిసిన కర్రను, తడి దారాన్ని నమ్మొద్దు. ఏ కర్రయినా తీగల కింద అడ్డంగా పట్టుకునే నడవండి. ఉరుము వినబడితే కింద పెట్టేసి దూరంగా వెళ్ళండి.

కొర్రమీను కోసమే వెళ్ళేవాళ్ళకు నా సలహా సగమే చెల్లుతుంది. తెలంగాణ తన రాష్ట్ర చేపగా గౌరవించిన ఈ చేప నాచు అంచునే కాపు కాస్తుంది, నోటి నిండా పళ్ళుంటాయి, పట్టగానే నాచులోకి దూరుతుంది. రబ్బరు కప్ప ఎరను పట్టినప్పుడు కొక్కెం దిగాలంటే కర్ర కొస బిగువుగా ఉండాలి, మెల్లగా వంగే ఫైబర్‌గ్లాస్ అక్కడ ఆలస్యం చేస్తుంది. పైన చెప్పిన కొస విరిగిన పాత కార్బన్ కర్రకు ఉపయోగం ఇక్కడే. కొసరింగు అతికించి దాన్ని కొర్రమీనుకు ఉంచుకోండి, కొత్తది కొంటే మిగతా చేపలకు వాడండి. ఒక ప్రార్థన: వానలు పడ్డాక ఎర్రటి పిల్లలు ముద్దగా తేలుతూ కనిపిస్తే అక్కడ ఎర వేయకండి. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. పిల్లలను కాచుకునే కోపంలో అవి దేన్నైనా పట్టేస్తాయి. వాటిని తీసేస్తే ఆ పిల్లల ముద్ద మొత్తం ఇతర చేపల పాలవుతుంది.

డబ్బు పంచుకునే తీరు చెబుతాను. నాలుగు వేలున్నాయనుకుంటే కర్రకు పదిహేను వందలు దాటనివ్వకండి. మిగతాది రీలుకూ దారానికీ. పాత రీలు బాగుంటే ఇంకా మంచిది, దాన్ని విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టి వాడుకోండి. దారం మాత్రం తప్పనిసరిగా కొత్తది. ఎండకు నైలాన్ పెళుసెక్కుతుంది, చూడ్డానికి బాగానే కనిపిస్తుంది. బ్రెయిడ్ (అల్లిన దారం) జోలికి వెళ్ళకుండా మామూలు నైలానే తీసుకోండి. నైలాన్ సాగుతుంది, బ్రెయిడ్ దాదాపు సాగదు. సాగే దారం, వంగే కర్ర కలిస్తే పెద్ద చేప తొలి పరుగు మీ ముడి మీద పడదు. 12 పౌండ్ల దారమంటే సుమారు ఐదున్నర కిలోలు తట్టుకునేది. రీలు డ్రాగును, అంటే చేప లాగితే దారం వదిలే బిగింపును, అందులో నాలుగో వంతుకు, అంటే కిలో పావుకు కాస్త ఎక్కువకు, స్ప్రింగు త్రాసు కొక్కేనికి దారం తగిలించి లాగి చూసి పెట్టుకోండి. చేత్తో లాగి అంచనా వేస్తే మనిషి ఎప్పుడూ ఎక్కువే బిగిస్తాడు.

ఇప్పుడు దుకాణానికి వెళ్ళండి, రీలు వెంట తీసుకుని. కర్రను గాలిలో ఊపి చూడకండి, ఊపితే ప్రతి కర్రా బాగానే అనిపిస్తుంది. రీలు బిగించి, రింగుల్లోంచి దారం తీసి, లీటరు నీళ్ళ సీసాకు కట్టండి. నిండు సీసా అంటే కిలో. కర్రను భుజం ఎత్తు దాటనివ్వకుండా మెల్లగా పైకి లేపండి. వంపు కొసలోనే ఆగిపోకుండా పిడి దాకా దిగుతూ రావాలి. కిలో అంటే ఎంత భారమో అప్పుడు తెలుస్తుంది, డ్రాగు విషయంలో నేనెందుకు అంత పట్టుబట్టానో కూడా. తర్వాత ప్రతి రింగు లోపలా చిన్న దూది ముక్క తిప్పండి. దూది పోగు చిక్కుకుంటే అక్కడ పగులుంది, అది దారాన్ని తినేస్తుంది. రింగుల్లో పింగాణీ పొర ఉండాలి. రీలు బిగించే మర వదులు కాకుండా పట్టాలి. పిడి నురుగుదా కార్కుదా అన్నది చూడనవసరం లేదు.

యాంటెనాలా లోపలికి మడిచే టెలిస్కోపిక్ కర్ర వద్దు. ఇసుక జోడింపుల్లో చేరి అరగదీస్తుంది. రెండు ముక్కలది బండి మీద హాయిగా వస్తుంది.

బిల్లు కట్టాక చేతిలో కొన్ని వందలు మిగలాలి. మిగలకపోతే కర్ర ఖరీదైనదన్నమాట, ఇంకో చవక కర్ర చూపమనండి. ఆ వందలతో పొడుగు పిడి ఉన్న చేతివల కొనండి. చేపను కర్రతో గట్టు మీదికి ఎత్తడం మానేసి, అలసిన చేప కిందికి వలను నీళ్ళలో ముందే పెట్టి, దాన్ని వల మీదికి లాగండి. ఊరి చెరువైతే మత్స్యకార సంఘం వాళ్ళను ముందే అడిగి వేయండి, ఆ నీళ్ళలో చేపపిల్లలను వదిలి పెంచుకునేది వాళ్ళు.