మొలకల సర్దార్

సింగరేణి బొగ్గు గనుల ప్రాంతంలో ఉద్యోగ విరమణను ‘దిగిపోవడం’ అంటారు. ముప్పై ఏళ్లు రోజూ గనిలోకి దిగి పైకి వచ్చినవాడు, ఆఖరి రోజున మెడలో పూలదండతో ఇల్లు చేరి, దిగిపోయాడని అనిపించుకుంటాడు. మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్‌లో, ఆర్కే గనులని అందరూ పిలిచే రవీంద్రఖని గనుల చుట్టూ ఇలా దిగిపోయినవారిలో ప్లాట్ల బేరాలకు తిరిగేవారు, యూనియన్ ఆఫీసు ముందు కుర్చీ వదలనివారు చాలామందే కనిపిస్తారు గాని, ప్రత్యేక పరిశీలనకు అర్హుడు మాత్రం పెరట్లో పది నాటుకోళ్లను పెట్టుకొని, వాటికి మొలకెత్తిన గింజలు తప్ప మరొకటి తగదని తీర్మానించిన మొలకల సర్దార్.

గనిలో సర్దార్ అంటే ఒక డిస్ట్రిక్టుకు, అనగా పని జరిగే ఒక భాగానికి, బాధ్యుడై కార్మికుల కంటే ముందుగా గాలిని, పైకప్పును పరీక్షించేవాడు. మొలకల సర్దార్ ఆ హోదాలో పనిచేసి ఉండకపోవచ్చు, జనరల్ మజ్దూరుగానే, అంటే సాధారణ కార్మికుడిగానే, దిగిపోయి ఉండవచ్చు. అయినా తడి గోనెసంచి మూట ముందు గొంతుక్కూర్చొని, దానిని వేలితో తట్టి, చెవి ఒగ్గి విని, మూతి విప్పి వాసన చూసి, చేయి లోపలికి పెట్టి వేడిని అంచనా వేస్తున్నప్పుడు అతడి ముఖంలో కనిపించే గాంభీర్యం ఏ సర్దారుకూ తీసిపోదు.

అతడి పద్ధతి సూటిగానే ఉంటుంది. మక్కలను, అంటే మొక్కజొన్న గింజలను, కడిగి, పైకి తేలిన తాలు తీసివేసి, రాత్రంతా బకెట్లో నానబెట్టి, తెల్లవారి నీళ్లు వంపి మూటగడతాడు. ఆ తరువాత ఫస్టు షిఫ్టుకు ఒకసారి, సెకండు షిఫ్టుకు ఒకసారి, నైటు షిఫ్టుకు ఒకసారి తడిపి ఆరబెట్టగా మూడో నాటికి తెల్లటి మొన బయటపడుతుంది. వారాంతపు సెలవును గనుల్లో ప్లేడే అంటారు. మొలకలకు ప్లేడే లేదని అతడు ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచాడు. గుడ్డు పెట్టిన కోడికి మస్టర్, అంటే హాజరు, పడుతుంది, పెట్టనిది నాగా కింద లెక్క. వరుసగా నాలుగు నాగాలు చేసిన పెట్టకు చార్జిషీటు ఇచ్చే అధికారం తనకు లేకపోవడం ఒక్కటే అతడి లోటు.

అతడిని చూసి నవ్వడం తేలికే గాని, ఒక విషయంలో అతడి అనుభవం పుస్తకానికి సమానం. నానిన గింజ ఊపిరి తీసుకుంటుంది. లోపలి ఎంజైములు, అంటే జీవక్రియలను నడిపే మాంసకృత్తులు, పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొడతాయి, భాస్వరాన్ని కోడికి అందకుండా పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం కొంత తగ్గుతుంది, ఈ పనిలో వేడి పుడుతుంది. గాలి ఆడని మూటలో ఆ వేడి కుప్పబడితే గింజ పులిసి బూజు పడుతుంది. కుప్పబోసిన బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకోవడం కళ్లారా చూసినవాడికి ఇది చెప్పనక్కరలేదు. అందుకే, 45 డిగ్రీలు దాటే మే నెల ఎండల్లో అతడు మూట విప్పి పళ్లెంలో పలుచగా పరుస్తాడు. బూజు కనబడితే కడిగి వేసే కక్కుర్తికి పోడు, నిప్పంటుకున్న డిస్ట్రిక్టును గోడ కట్టి మూసినట్లు మొత్తం గుంత తీసి పూడ్చేస్తాడు. అది సరైన పనే, ఎందుకంటే కొన్ని బూజులు విడిచే అఫ్లటాక్సిన్ అనే విషం కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. జొన్నలను కూడా అతడు ముట్టడు. లేత జొన్నలో సైనైడు పుట్టించే పదార్థం ఉంటుందని చదివి కాదు, నాము, అంటే ఆ లేత జొన్న, మేసిన పశువు నిలువునా కూలిపోవడం చిన్ననాడు ఊళ్లో చూసి.

అతడి శాస్త్రం కుంటుపడేది తూకం దగ్గర. మూటలోని మొలకలను పళ్లెంలోకి మార్చి ఎనిమిదో రోజు దాకా పెంచితే 1 కిలో మక్కలు, వేళ్లూ ఆకులూ పెనవేసుకున్న చాపలా 5 నుంచి 6 కిలోల పచ్చిమేత అవుతాయి. ఈ అంకెను అతడు కంపెనీ ఉత్పత్తి లక్ష్యం దాటినంత గర్వంతో ప్రకటిస్తాడు. ఆ బరువులో నూటికి 85 పాళ్ల వరకు నీరే. గింజ ఊపిరికి కొంత పిండి ఖర్చయినందున, ఎండబెట్టి తూస్తే మొదటి మక్కల కంటే కాస్త తక్కువే తేలుతుంది. 2012 నుంచి బొగ్గుకు కెలోరిఫిక్ విలువను, అంటే మండితే వచ్చే వేడిని, బట్టి జీ-1 మొదలు జీ-17 వరకు గ్రేడులు కడుతున్నారు. తేమ పెరిగితే ఆ విలువ పడిపోతుందని తెలిసిన మనిషే పెరట్లో నీళ్లను ఉత్పత్తి కింద రాసుకుంటాడు. శాంపిళ్లు పరీక్షించే విభాగంలో చేసి దిగిపోయిన పొరుగాయన గోడమీదుగా తొంగిచూసి, “అన్నా, గీ మేతది ఏ గ్రేడు?” అని అడిగిన రోజున సర్దార్‌కు చెవులు వినపడవు.

కోళ్ల అభిప్రాయం వేరు. పళ్లెం కింద పెట్టగానే అవి ముందు పచ్చటి మొనలను లాగి, ఆ వెనుక మెత్తబడిన గింజను మింగి, చివరకు వేళ్లను కెలికి పెరడంతా చల్లుతాయి. పచ్చసొన ముదురు రంగు తేలడానికి పచ్చి ఆకుకు, పసుపు మక్కలకు ఉన్న పాత్ర నిజమే. గుడ్డు పెంకుకు కావలసిన సున్నం మాత్రం మొలకల్లో చాలదు గనుక, ఆల్చిప్పల పొడి విడిగా పెట్టవలసిందే, దాణా మానవలసిన పనీ లేదు.

శ్రీరాంపూర్ వెళ్లినవారు ఆ మూట వాసన చూడకుండా అతడి గుమ్మం దాటలేరు. చూసిన తరువాత అతడు రెండు గుడ్లు చేతిలో పెడతాడు. తీసుకోవాలి, డబ్బు ఇవ్వజూపరాదు, గ్రేడు ప్రసక్తి అసలే తేరాదు.