పెద్ద గ్రహాలకు పోదలచినవారికి తలకిందుల సలహాలు

ముందు మదనపల్లె మార్కెట్‌కు పోయి టమోటాలు కొనండి. కూరకు కాదు. మిరియపు గింజను భూమి అనుకుంటే గురుగ్రహం మంచి టమోటా అంత ఉంటుంది, శని దానికంటే కాస్త చిన్న టమోటా, యురేనస్, నెప్ట్యూన్ ఉసిరికాయలు. సూర్యుడి చోట రెండడుగులకు కాస్త తక్కువ అడ్డం ఉన్న గుమ్మడికాయ పెట్టి నడవండి. మిరియం 60 మీటర్ల దూరాన, పెద్ద టమోటా 300 మీటర్ల దూరాన, చివరి ఉసిరికాయ 1,750 మీటర్ల దూరాన పెట్టాలి. పిల్లల్ని వెంటబెట్టుకుని పోండి. గ్రహాలన్నిటినీ ఒకే పేజీలో పక్కపక్కన కూర్చోబెట్టిన బొమ్మ చూస్తే నాకు బాధేస్తుంది. మధ్యలో ఉన్న ఖాళీయే కదా అసలు సంగతి!

గురుగ్రహానికి పోవాలంటే సూర్యుడి వైపు బయలుదేరండి. పుంగనూరులో నిలబడి మదనపల్లె బస్సు అడిగినవాణ్ణి పలమనేరు బస్సెక్కించినట్టు ఉంటుంది గానీ, గెలీలియో నౌక పోయింది అలాగే. 1989 అక్టోబరులో బయలుదేరి, 1990లో శుక్రుడి పక్కగా దూసుకుపోయి, మళ్ళీ రెండుసార్లు భూమి దగ్గరికి వచ్చి, 1995 డిసెంబరులో గురుగ్రహం చేరింది. తిన్నగా పోవడానికి కావలసినంత ఇంధనం మోయడం కంటే, దారిలో తగిలిన గ్రహం దగ్గర వేగం చేబదులు తీసుకోవడం తేలిక. తీర్చక్కర్లేదు, తగ్గిన వేగం అంత పెద్ద గ్రహానికి తెలియను కూడా తెలియదు.

చేరాక దిగడానికి చోటు వెతక్కండి. అక్కడ నేల లేదు. పుంగనూరు పొట్టి ఆవును కట్టేయడానికి కూడా గుంజ పాతలేరు. పడుతూనే పని చేసుకోవాలి. గెలీలియో వదిలిన పరికరం పారాచూట్‌తో మబ్బుల్లోకి దిగుతూ గంటకు కాస్త తక్కువసేపు కబురు పంపి, వేడికీ ఒత్తిడికీ మూగబోయింది.

శని పట్టిందంటే దాక్కోకండి, ఎదురెళ్ళి చూడండి. సూర్యుణ్ణి చుట్టి రావడానికి శనికి 29న్నర ఏళ్ళు కావాలి. అంటే రాశికి రెండున్నరేళ్ళు, మూడు రాశులకు ఏడున్నరేళ్ళు. ఏలినాటి శని లెక్క అదే. టెలిస్కోపులు లేని రోజుల్లో పెద్దలు పట్టిన లెక్క అది. ఆ నిదానపు గ్రహాన్ని చిన్న టెలిస్కోపులో వలయంతో సహా చూశాక భయపడినవాళ్ళను నేను చూడలేదు.

కుప్పం వాళ్ళకు మాత్రం నా ముఖ్యమైన సలహా వేరు: చూడాలనుకున్నదాన్ని చూడకండి, దాని వెనక ఉన్న చుక్కను చూడండి. కుప్పానికి తూర్పున, తిన్నగా కొలిస్తే 60 కిలోమీటర్ల లోపే, జవ్వాది కొండల్లో కావలూరు వేధశాల ఉంది. హైదరాబాదులో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వేణు బాప్పు ఎంచుకున్న చోటది. 1977 మార్చి 10 రాత్రి అక్కడ జె.సి. భట్టాచార్య, కుప్పుస్వామి ఒక మీటరు టెలిస్కోపును యురేనస్ దారిలో ఉన్న ఒక మామూలు చుక్క మీద నిలిపారు. ఉన్నట్టుండి చుక్క మసకబారి, మళ్ళీ తేరుకుంది. కొత్త ఉపగ్రహం అడ్డొచ్చిందనుకున్నారు. ఆ రాత్రే హిందూ మహాసముద్రం మీద ఎగురుతున్న అమెరికా విమాన వేధశాలకు ఆ చుక్క గ్రహానికి అటూ ఇటూ ఐదేసి సార్లు మసకబారడం కనిపించింది. లెక్కలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, అవి యురేనస్ వలయాలు!

కావలూరుకు చీకటే పెట్టుబడి. కాబట్టి ఈ రాత్రి మిద్దె మీది లైటు ఆర్పేయండి. టార్చి కిందే పెట్టి పైకెక్కండి. అరగంటకు కళ్ళు చీకటికి అలవాటుపడతాయి. ఒక చుక్కను పట్టుకుని కూర్చోండి.