ర్యాంకు ఒకరిది, తాకట్టు మరొకరిది

చదువులో విజయానికి తెలివి ఎంత అవసరమో ఇంటివాళ్ల త్యాగం, అదృష్టం అంతే అవసరం. ఫ్లెక్సీ మీద చోటు మాత్రం తెలివికే. ఎప్‌సెట్ ప్రవేశపరీక్ష ఫలితాల వారంలో హైదరాబాద్ శివారు నాగారం నుంచి ఈసీఐఎల్ మీదుగా నాచారం, ఉప్పల్ దాకా స్తంభానికో ర్యాంకరు వేలాడతాడు. పక్కన కళాశాల పేరు అతని పేరుకన్నా పెద్దగా ఉంటుంది. ఫీజుకు అమ్మిన ప్లాటుకు, తాకట్టులో ఉన్న గొలుసుకు హాల్‌టికెట్ నంబరు లేదు కాబట్టి వాటి ఫొటో వేయరు.

ఈ కొలతల్లో భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు ఫ్లెక్సీకి పనికిరాడు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కాడు. అంతకుముందు కాశీలో అరటిపళ్లు అమ్ముకుంటానని ఇల్లు వదిలిన ఘనుడు! తల్లి వెంకమ్మ వెనక్కి రప్పించి, నగలమ్మి చదివించింది. వైద్యవిద్యకు ఆదుకున్నది కస్తూరి సూర్యనారాయణమూర్తి. తర్వాత ఆయనే మామగారయ్యారు. 1923లో అమెరికా ప్రయాణానికి కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కూడా చేయి కలిపింది. ఆ పెట్టుబడి క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్‌గా, టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్ మందులుగా లోకానికి తిరిగొచ్చింది.

సుబ్బారావుకు దాతల రూపంలో వచ్చిన అదృష్టాన్ని ఇప్పుడు ప్రభుత్వమే చూసుకుంటోంది. 2008లో ఊపందుకున్న ఫీజు రీయింబర్స్‌మెంట్ అందితే అదృష్టం. బకాయి పడితే సర్టిఫికెట్లు కళాశాల బీరువాలో, అప్పు నాన్న పేరున.