లైట్ జెట్టు ప్రకటనకు టీకా తాత్పర్యం

మూలం: ప్రీ-ఓన్డ్ లైట్ జెట్ అమ్మబడును. ఒకే యజమాని. తక్కువ గంటలు. ఇంజన్లు కండిషన్‌లో ఉన్నవి. ధర మాట్లాడుకోవచ్చును.

టీక: ప్రీ-ఓన్డ్, పూర్వ యజమాని కలది, బహువ్రీహి. వాడినది అనే మాటకు కోటు తొడిగితే ఇలా అవుతుంది. లైట్, తేలిక. తేలునది కనుక తేలిక అని వ్యుత్పత్తి చెబితే ములుగువారికి ఉదాహరణ వెతకనక్కర్లేదు. ఆ జిల్లా పాలంపేటలోని రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుక నీళ్లలో తేలుతుంది. లైట్ జెట్ జాతికి చెందిన సెస్నా సైటేషన్‌జెట్ మాత్రం నేల విడిచేటప్పుడు 4.7 టన్నుల దాకా తూగుతుంది. పెద్ద విమానాల పక్కన నిలబెడితేనే అది తేలిక. ఖర్చుకు ఈ విశేషణం అన్వయించదు. ఒకే యజమాని, అంటే కాగితం మీద ఒకడు. అప్పిచ్చినవాడు ఇంకొకడు కావచ్చు. ఆర్సీలో ఫైనాన్స్ పేరు కొట్టేయించకుండా పాత ట్రాక్టర్ ఎవరూ కొనరు. ఇక్కడ ఆ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే విమానం మీద అప్పిచ్చినవారి హక్కులను గట్టిపరుస్తూ పార్లమెంటు 2025లో చట్టమే చేసింది.

తాత్పర్యం: ఈ బేరంలో కొనేది విమానాన్ని కాదు, దాని లాగ్‌బుక్కులను. ‘తక్కువ గంటలు’ అన్న పదమే ఇందుకు సాక్ష్యం. ట్రాక్టర్‌కైతే గంటల మీటర్ చూసి లెక్క వేస్తాం. జెట్ ఇంజన్‌లో తిరిగే డిస్కుల ఆయుష్షును గంటలతో కాదు, సైకిళ్లతో కొలుస్తారు. ఎగిరి దిగితే ఒక సైకిల్. అరగంట ప్రయాణాలతో వెయ్యి గంటలు తిరిగిన విమానానికి రెండు వేల సైకిళ్లు, రెండేసి గంటల ప్రయాణాలతో తిరిగినదానికి అయిదు వందలే. మీటర్ మీద రెండూ సమానం. పైగా కొన్ని తనిఖీల గడువు నెలల లెక్కన పడుతుంది; విమానం కదలకపోయినా నెలలు కదులుతాయి. ఊరికే నిలబడ్డ లోహానికి తుప్పు, రబ్బరు సీళ్లకు పగుళ్లు. కనుక తక్కువ గంటలు గుణమా దోషమా అన్నది ప్రకటన తేల్చదు, పుస్తకం తేల్చాలి. మూలంలో లేనిది రాయకూడదని వ్యాఖ్యాత మల్లినాథసూరి పెట్టుకున్న నియమం టీకాకారులకే కష్టం, అమ్మకందార్లకు మరీను.

ఇక్కడ పూర్వపక్షం: కాగితాలదేముంది, మంచి ఇంజనీరు చేత విప్పి చూపిస్తే చాలదా? చూపించవలసిందే. బోరోస్కోప్ అనే సన్నని కెమెరాను లోపలికి పంపితే టర్బైన్ రెక్కల మీది కాలిన మచ్చ, చీలిక కనబడతాయి. కానీ అది ఇవాళ్టి స్థితి. డిస్కు ఎన్ని సైకిళ్లు తిరిగిందో ఏ కంటికీ, ఏ కెమెరాకూ కనబడదు. తయారైన రోజు నుంచి రాసుకున్న లెక్కలోనే ఉంటుంది. ఆ లెక్క పోతే తళతళలాడే డిస్కు కూడా తుక్కు కిందే జమ. ‘కండిషన్‌లో ఉన్నవి’ అన్న మాటకూ ఇదే అన్వయం: ఓవర్‌హాల్ గడువు 3,500 గంటలైన ఇంజన్ 3,400 దగ్గర కూడా చక్కగానే తిరుగుతుంది. మిగిలిన వంద గంటల తర్వాత వచ్చే బిల్లు మాత్రం కొన్నవాడి పేరనే వస్తుంది.

విమానాశ్రయమే లేని ములుగుకు ఈ శాస్త్రమెందుకని మరో ఆక్షేపణ. సబబే. దగ్గరలోని మామునూరు నిజాం కాలపు విమానాశ్రయం. దాని పునరుద్ధరణకు కేంద్రం 2025 ఫిబ్రవరిలో అనుమతిచ్చింది. అది తెరుచుకునేదాకా జెట్ కొన్నవాళ్లు బేగంపేటలో నిలుపుకోవాలి, అద్దె కట్టుకోవాలి. అయినా మేడారం జాతరకు హెలికాప్టర్ ఎక్కి వెళ్లే భక్తులున్న జిల్లాలో ఆకాశం మరీ పరాయిదేమీ కాదు.

‘ధర మాట్లాడుకోవచ్చును’: స్పష్టం.