ఫంక్షన్ల పండితుడు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మీదుగా బెంగళూరు నుంచి గుంతకల్లు వెళ్లే రైళ్లలో ఈ మధ్య కనిపిస్తున్న కొత్తరకం మనిషి ఫంక్షన్ల పండితుడు. బెంగళూరులో ఉద్యోగం, వారాంతానికి సొంతూరు. పక్క సీటువాడి ఊరూ పేరూ అడగడు. "అన్నా, నీది ఏ టైపు?" అంటాడు. అవతలివాడు "ఓ పాజిటివ్" అని రక్తం గ్రూపు చెబుతాడు.

మనుషులను టైపులుగా విడదీసే ఈ విద్యకు మూలపురుషుడు స్విట్జర్లాండ్ వైద్యుడు కార్ల్ యుంగ్. 1921 నాటి తన గ్రంథంలో ఆయన మనసు చేసే పనులను ఆలోచన, అనుభూతి, ఇంద్రియజ్ఞానం, స్ఫురణ అని నాలుగుగా విడదీశాడు. ఒక్కొక్కటి లోపలికి తిరిగి ఉండొచ్చు, బయటికీ తిరిగి ఉండొచ్చు; వెరసి ఎనిమిది. దాని ఆధారంగా అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మైయర్స్ అనే తల్లీకూతుళ్లు మనుషులను పదహారు రకాలు చేసి, ఆ టైపులకు అక్షరాలతో పేర్లు పెట్టారు.

ఆ నాలుగు పనులనూ పండితుడు ఫంక్షన్లంటాడు. చిక్కల్లా అక్కడే. ఈ ఊళ్లలో ఫంక్షన్ అంటే చెవులు కుట్టించడం, గృహప్రవేశం, పెళ్లి. పదహారు అనగానే గుర్తొచ్చేది పదహారు రోజుల పండుగ. ప్రతి మనిషికీ మొదటి ఫంక్షన్, రెండోది, మూడోది, నాలుగోది వరుసగా ఉంటాయని పండితుడు వివరిస్తుంటే, పెనుకొండ బస్టాండులో టీ తాగుతున్న పెద్దాయన తల ఊపుతాడు. ఎవరికి మాత్రం ఉండవు?

అసలు పోరు మూడోదాని దగ్గర. మొదటిది లోపలిదైతే తక్కిన మూడూ బయటివేనని మైయర్స్ పక్షం వాదన. కాదు, లోపల, బయట, మళ్లీ లోపల, మళ్లీ బయట అని 1983లో హెరాల్డ్ గ్రాంట్ బృందం రాసింది. యుంగ్ ఈ సంగతి విడమరచి చెప్పకపోవడం ఇద్దరికీ కలిసొచ్చింది. మూడో ఫంక్షన్ లోపలా, బయటా అన్నది పండితుడికి నిద్ర పట్టనివ్వని ప్రశ్న. పెద్దాయనకు అందులో ప్రశ్నే కనిపించదు. "వానాకాలమైతే లోపలే పెట్టుకో నాయనా. షామియానా నమ్మేదానికి లేదు."

లిథువేనియాలో 1970లలో ఔష్రా ఆగుస్తినావిచ్యూతే మొదలుపెట్టిన సోషియానిక్స్ మరో బడి. టైపు పేర్లలో అక్షరాలు చాలావరకు అమెరికావాళ్లవే, కానీ అంతర్ముఖుల చివరి అక్షరానికి వచ్చే అర్థం వేరు. అందుకే పండితుడు బెంగళూరులో రైలెక్కేటప్పుడు ఒక టైపు, ధర్మవరంలో దిగేటప్పుడు మరొకటి. మైయర్స్ ప్రశ్నపత్రాన్ని కొన్ని వారాల తేడాతో మళ్లీ రాస్తే చాలామందికి ఫలితం మారిపోతుందని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఎప్పటినుంచో ఆక్షేపిస్తున్నారు. అలా ఆక్షేపించడం ఏ ఫంక్షన్ లక్షణమో కూడా పండితుడి దగ్గర జవాబుంది.

నాలుగో ఫంక్షన్ మాత్రం నీరసంగా ఉంటుందని యుంగ్, మైయర్స్, గ్రాంట్ ముగ్గురూ ఒప్పుకుంటారు. ఊరందరి పెళ్లిళ్లకూ పట్టుచీరలు నేస్తూ, ముగ్గురు కూతుళ్లకు పెళ్లి చేసి, నాలుగో పిల్లకు సంబంధాలు చూస్తున్న ధర్మవరం నేతగాడు కూడా ఒప్పుకుంటాడు.