పెద్దవాళ్లను పార్కుకు తీసుకెళ్లే విధానం

మా అమ్మను చక్రాల కుర్చీలో పార్కులకు తిప్పడంలో నాకు రెండేళ్ల అనుభవం ఉంది. ఈ రెండేళ్లలో మూడుసార్లు తిప్పాను. కాబట్టి సలహా చెప్పే అర్హత సంపాదించాననే నా నమ్మకం. హైదరాబాదులో కాపురముండి, ఇంట్లో తుంటి ఎముక విరిగిన తల్లో, మోకాళ్లు అరిగిన తండ్రో ఉన్నవాళ్లు ఈ కాగితం కత్తిరించి ఫ్రిజ్‌కు అంటించుకోవచ్చు.

ఎక్కడికి వెళ్లాలో మాత్రం వాళ్లను అడక్కండి. అడిగితే చెబుతారు, అదీ చిక్కు. నేను ఒకసారి నోరుజారి అడిగాను. "తంగేడు పూసిందో లేదో సూసొద్దాం బిడ్డా" అంది అమ్మ. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పమే, బతుకమ్మ పేర్చేటప్పుడు దానికి పెద్దపీటే. కాదనను. కానీ బీడు భూముల్లో, రోడ్ల పక్కన, ఎవరూ చెంబెడు నీళ్లు పోయకపోయినా పెరిగే పొదను చూడ్డానికి ఎవరైనా ఆదివారం పాడుచేసుకుంటారా? అందుకని చోటు మీరే ఖాయం చేయండి. నలుగురికి చెప్పుకుంటే "ఓహో" అనేలా ఉండాలి.

ఉదాహరణకు కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ మధ్య 350 ఎకరాలకు పైబడిన అడవి. 1998లో జాతీయ ఉద్యానవనం చేశారు. నెమళ్లున్నాయి. లోపల మట్టిదారులు, రాళ్లు, ఎత్తుపల్లాలు. చక్రాల కుర్చీకి ముందుండే చక్రాలు అరచేతి కన్నా పెద్దవేం కావు. చిన్న గులకరాయి అడ్డం పడ్డా ఠపీమని ఆగిపోతాయి. అప్పుడు కుర్చీ ఆగుతుంది గానీ మనిషి ఆగదు. ఇలాంటి చోట కుర్చీని వెనక్కి వంచి, ముందు చక్రాలు గాల్లోకి లేపి, పెద్ద చక్రాల మీదే నడపాలని ఫిజియోథెరపీ అమ్మాయి మాకు రెండుసార్లు చేసి చూపించింది. వాలు దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, మనం కింద ఉండి, మెల్లగా దించాలని కూడా చెప్పింది. ఆ పిల్ల చెప్పినట్టు చేస్తే పార్కు నుంచి వెనక్కి నడుచుకుంటూ వస్తున్నామని నలుగురూ నవ్వుతారు. ముందుకే తోయండి. గట్టిగా తోయండి.

లేదంటే బహదూర్‌పురాలో నెహ్రూ జంతు ప్రదర్శనశాల ఉంది. 1963లో తెరిచారు, 380 ఎకరాలు, లోపల బ్యాటరీ బండ్లు తిరుగుతాయి. ఆదివారం అక్కడ ఇసుక వేస్తే రాలదు కాబట్టి సోమవారం వెళ్లండి. మేం అలాగే సెలవు పెట్టి మరీ వెళ్లాం. గేటు ముందు పురుగు లేదు. సోమవారం జూకు సెలవు.

కుర్చీ సంగతి చెప్పడం మరిచాను. బడి పిల్లలకు యూనిఫాం కొన్నట్టే కొనాలి, రెండు సైజులు పెద్దది. మనిషి కూర్చున్నప్పుడు తుంటికి అటూ ఇటూ అంగుళం ఖాళీ ఉంటే చాలని దుకాణంవాడు అన్నాడు. పెద్దది అమ్ముకోవడం చేతగానివాడు. నేను పట్టుబట్టి వెడల్పాటిదే తెచ్చాను. అందులో అమ్మ పక్కకి ఒరిగిపోతుంది, నిజమే, తలగడ దోపితే సరిపోతుంది. డబ్బు లేనివాళ్లకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. పేద వృద్ధులకు కుర్చీలు, చేతికర్రలు, వినికిడి యంత్రాలు ఊరికే ఇస్తారు. మనిషిని చూసి, కొలిచి ఇస్తారు. అంత ఓపిక మనకెక్కడిది?

వెడల్పాటి కుర్చీ కొన్నాక గేటు దగ్గర మజా మొదలవుతుంది. మా ఇంటికి దగ్గర్లో ఒక పార్కుంది, పేరెందుకులెండి. బైకులు లోపలికి రాకుండా గేటు దగ్గర ఇనుప గొట్టాలు వంకరటింకరగా పాతారు. బైకులు రెండోవైపు విరిగిన ప్రహరీగోడ సందులోంచి దర్జాగా వస్తాయి. ఆగింది మా కుర్చీ ఒక్కటే. గొట్టాల మధ్య 22 అంగుళాలు, కుర్చీ 26. ఇంటి దగ్గరే టేపు పెట్టి కొలుచుకుని, ముందురోజు ఒకసారి వచ్చి గేటు చూసిపోతే ఈ నాలుగంగుళాల సంగతి తెలిసేది. తెలిస్తే ఆ అనుభవం దక్కేదా? వాచ్‌మన్, పల్లీలమ్మే అతను చెరోవైపు పట్టి అమ్మను ఎత్తి లోపల పెట్టారు. కుర్చీ మడిచి నేను వెనకాల మోసుకొచ్చాను. "బియ్యం బస్తా లెక్క ఎత్తిండ్రు గదరా" అంది అమ్మ. మనుషుల్లో ఇంకా మంచితనం మిగిలి ఉందని ఆ రోజు స్టేటస్‌లో పెట్టాను.

లోపల మూడు మెట్లు, పక్కనే ఒక ర్యాంపు. ర్యాంపుకు లెక్క 1:12 అంటారు. అంటే అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. మూడు మెట్లు కలిపి 18 అంగుళాలుంటే ర్యాంపు 18 అడుగులు సాగాలి. అక్కడున్నది నాలుగడుగులు. పిల్లలు దాని మీద కూర్చుని జర్రున జారుతున్నారు, వాళ్ల అమ్మలు వీడియో తీస్తున్నారు. ర్యాంపు ఉందా అని ఎవరైనా ఫారం నింపమంటే "ఉంది" అని రాయొచ్చు, దాని ప్రయోజనం అంతవరకే. మీరు మాత్రం నాలాగే ఒకసారి ఎక్కించి చూడండి. సగంలో చేతులు వణుకుతాయి. కుర్చీలో ఉన్నవాళ్లు ఇష్టదైవాన్ని తలుచుకుంటారు. ప్రకృతి ఒడిలో భక్తి కలగడం మంచిదే.

ఇక్కడ కొందరు చట్టం ఎత్తుతారు. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, పాత ప్రజాభవనాలను సైతం ఐదేళ్లలో అందరూ ప్రవేశించగలిగేలా మార్చాలంది. ఆ ఐదేళ్లు ఎప్పుడో గడిచాయి. 2024 నవంబర్ 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు, ప్రమాణాలను సలహాలుగా రాసిపెడితే చెల్లదు, తప్పనిసరి నియమాలు చేయండి అని కేంద్రానికి మూడు నెలలు గడువిచ్చింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారైంది మన శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోనే. ఇవన్నీ చదివినవాణ్ని కాబట్టి చెబుతున్నాను, గేటు దగ్గర నోరెత్తకండి. వాచ్‌మన్ ఆ గొట్టాలు పాతలేదు, పీకనూలేడు. ఎవరికి రాయాలో కనుక్కుని కొలతలు వేసి, ఫొటో జతచేసి అర్జీ పెట్టడమంటారా? నలుగురు కలిసి పెడితే ఆ గొట్టాలు జరిగిపోయే ప్రమాదముంది. అప్పుడు మనకు ఇంట్లో కూర్చోవడానికి సాకు ఉండదు.

బయల్దేరే వేళ పదకొండు గంటలు. మీ నిద్ర పాడుచేసుకోకండి. ఎండకు కుర్చీ చేతుల ఇనుము కాలితే వాళ్లే చేతులు ఒళ్లో పెట్టుకుంటారు, అది పద్ధతిగానూ ఉంటుంది. ముందురాత్రి నుంచే నీళ్లు తగ్గించండి, ఎందుకంటే లోపల బాత్రూం తలుపు మనిషికి సరిపోతుంది, కుర్చీకి సరిపోదు. నిజానికి మీరు తగ్గించనక్కర్లేదు, వాళ్లే మానేస్తారు. బీపీకి ఒంట్లో నీరు తీసే మాత్ర వేసుకునే మా అమ్మ బయటికెళ్లే రోజు మాత్రా వేసుకోదు, నీళ్లూ తాగదు, ఎవరికీ చెప్పదు. వయసు మీద పడితే దాహం వేసినట్టు తెలియడమే తగ్గుతుందట. తిరిగొచ్చాక కళ్లు తిరుగుతున్నాయంటే "గాలి మార్పు" అని సర్దిచెప్పండి.

క్యాబ్‌లో వెళ్లేవాళ్లు బుక్ చేసేటప్పుడు కుర్చీ మాట దాచండి. బండి వచ్చాక డ్రైవర్ డిక్కీ తెరుస్తాడు, అందులో సగం సీఎన్‌జీ సిలిండరే ఉంటుంది. కుర్చీ ముందు సీట్లో, మీరు ఇంటి దగ్గర.

ఇక తోయడం. పెద్దవాళ్లను చూసుకునే ఆయమ్మ చేత తోయించి మీరు ముందు నడవండి. చేతి గడియారం అడుగులు లెక్కపెడుతుంది, మధ్యలో ఆగితే లెక్క చెడుతుంది. ఎవరైనా పలకరిస్తే కుర్చీలో ఉన్నవాళ్లను కాక మిమ్మల్నే అడుగుతారు, "పెద్దమ్మకు చెక్కర ఉందా, ఏమైనా తింటదా?" అని. మీరే బదులివ్వండి. వాళ్ల తల మీదుగా ఎంత గట్టిగా మాట్లాడితే అంత మంచిది. కుర్చీ ఆపాలనుకుంటే ఎదుట గోడ ఉన్నచోట ఆపండి, నీడైతే చాలు కదా. పావుగంటకో అరగంటకో ఒకసారి ఒంటి బరువు అటూ ఇటూ మార్చకపోతే కూర్చున్నచోట పుండ్లు పడతాయంటారు. ఫొటోలు తీసుకోవడానికి అరగంట ఎలాగూ సరిపోదు, కదపకండి.

ఇంత శాస్త్రోక్తమైన విధానం ఉండగా మా ఇంట్లోనే దానికి గండి పడింది. మొన్న నేను ఊళ్లో లేను. ఆయమ్మకు ఏం తోచిందో, "ఎటు పోదామమ్మా?" అని అడిగిందట. అడగనే అడిగింది! అమ్మ చెప్పనే చెప్పింది. మా అపార్టుమెంటు వెనక సందులో సిమెంటు దారి ఉంది, గుంటలు లేవు, మెట్టు లేదు. దాని చివర ఎవరిదో ఖాళీ ప్లాటు. ప్లాటు నిండా తంగేడు. పొద్దున ఆరున్నరకు వెళ్లి ఏడుంపావుకు వచ్చేశారు. టిక్కెట్టు లేదు, బ్యాటరీ బండి లేదు, బస్తా ఎత్తుడు లేదు. నేను వచ్చేసరికి అమ్మ ఒళ్లో గుప్పెడు పచ్చపూలున్నాయి. ఆ చెట్టు ఆకు నూరి చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ ఏం చేసేదో, పువ్వు ఎండబెట్టి ఏం కాచేదో రెండు రోజులు ఆపకుండా చెప్పింది. మూడు పార్కులకూ కలిపి ఆమె మాట్లాడింది ఆ బస్తా మాట ఒక్కటే.

ఒక్క ఫొటో కూడా లేని ఇలాంటి విహారాలను నేను సిఫారసు చేయను. అమ్మ మాత్రం శుక్రవారం మళ్లీ పోదామంటోంది. నిన్న ఆ ప్లాటులో బోరుబండి వచ్చి ఆగింది.